తెలియనివారి మార్పులు

శుక్రవారం పొద్దున్నే తెలుగువాళ్ళంతా చేరే బతా బజారుకు వెళ్ళి గోంగూర తెచ్చుకోవాలని జనార్దన్, పద్మజ అనుకున్నారు. రియాద్‌లో జనార్దన్ ఒక కంపెనీ ఇంజనీరు. తీరిక దొరికినప్పుడల్లా, అంటే ఎక్కువగా ఆఫీసులోనే, తెలుగు టైపు చేసే సాఫ్ట్‌వేర్ తయారుచేసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టాడు. ఎవరైనా దాన్ని బాగుచేసి పంపవచ్చు. కానీ మనిషికి తన నీడ మీద కూడా అనుమానమే. అందుకని నియమాల్లో మొట్టమొదటే "మాకు తెలియనివారి మార్పులు తీసుకోం" అని రాశాడు. ఏడాదైనా ఒక్క మార్పూ రాలేదు.

చెప్పులు వేసుకుంటుండగా బతా కిరాణా కొట్టు ఫక్రుద్దీన్ ఫోన్ చేశాడు.

"సార్, ఎవరో మీ గురించి అడుగుతుండు. చేతిల కాయితాలున్నయ్. మీ సాఫ్ట్‌వేర్ పేరు సుత చెప్తుండు."

జనార్దన్ వేసుకున్న చెప్పు విప్పేశాడు. కంపెనీవాళ్ళే ఆరా తీయిస్తున్నారు! ఆఫీసు టైములో సొంత పని చేశాడని తేలితే వీసా రద్దు చేసి, ఎగ్జిట్ కొట్టి ఇండియా పంపేస్తారు.

"ఇండియా వెళ్ళాడని చెప్పెయ్!"

"మనం బతా వెళ్తున్నాం కదండీ?" అంది పద్మజ.

"ఇండియాలో ఉన్నవాణ్ణి బతా ఎలా వెళ్తానే?"

ఫక్రుద్దీన్ ఆ మాట గట్టిగానే చెప్పాడు. కొట్లో ఉన్నవాళ్ళు దానికి "చెప్పకుండా పోయాడట" అని చేర్చారు. పక్క మెస్సుకు చేరేసరికి "పారిపోయాడట" అయింది. అక్కడ తింటున్న కంపెనీ డ్రైవరు చెయ్యి కూడా కడుక్కోకుండా మేనేజరుకు ఫోన్ కొట్టాడు.

"జనార్దన్! ఇండియా పారిపోయావట. పాస్‌పోర్టు నా బీరువాలో ఉంటే ఎలా పోయావు?" అన్నాడు మేనేజరు.

"ఇంట్లోనే ఉన్నాను సార్!"

"ఫోన్లో అందరూ అలాగే అంటారు. బతాలో మన డ్రైవరున్నాడు. గంటలో అతనికి కనపడు. లేదంటే పారిపోయావని పోలీసులకు రాసిస్తా."

జనార్దన్ పరుగున వెళ్ళాడు. ఫక్రుద్దీన్ కొట్టు ముందు డ్రైవరు అతని ఇఖామా, అంటే నివాస కార్డు మీది ఫొటోనీ మొహాన్నీ రెండుసార్లు పోల్చి, "మనిషి ఇతనే" అని ఫోన్లో చెప్పాడు. ఉద్యోగం నిలబడింది. ఊపిరి తీసుకుని చూస్తే, పక్కనే కాయితాలతో ఆ కొత్త మనిషి.

"మిమ్మల్నెవరు పంపారు?" అన్నాడు జనార్దన్ అనుమానంగా.

"ఎవురూ పంపలా సార్. నా పేరు మహబూబ్ సుభాని, మాది కడప. తబూక్‌లో కంప్యూటర్లు బాగుచేస్తా. తెలియనోళ్ళవి తీసుకోం అని రాసినారు గదా. మొగం చూపిచ్చి పోదామని పదహారు గంటలు బస్సులో వచ్చినా."

కాయితాలంటే ఇఖామా నకలు, యజమాని స్టాంపు వేసిన ఉత్తరం, కింద గీత గీసిన మొదటి నియమం.

"మీరెవరో మెయిల్లో రెండు ముక్కలు రాస్తే సరిపోయేదయ్యా!"

"ఆ మాట యాడ రాసినారు సార్?"

తన గొంతు విని కూడా నమ్మని మేనేజరు గుర్తొచ్చి జనార్దన్‌కు చచ్చేంత సిగ్గేసింది. సుభానిని ఇంటికి తీసుకెళ్ళి గోంగూరతో అన్నం పెట్టించాడు.

రెండు రోజుల్లో ఆ నియమం మారింది: "మీరెవరో మెయిల్లో రెండు వాక్యాలు రాయండి. మనిషి రానక్కర్లేదు."

ఆ సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన మొదటి మార్పు అదే. పంపింది మహబూబ్ సుభాని, తబూక్‌లో బస్సు దిగగానే.