అధ్యాయానికొకరు చెప్పిన పూతరేకుల కథ

గ్రేటర్ నోయిడాలోని మా అపార్టుమెంట్ల తెలుగు సమాజం తరఫున సభ్యులందరికీ సంతోషంగా తెలియజేయడమేమనగా, ఉగాదినాటి పూతరేకుల చోరీపై విచారణ విజయవంతంగా ముగిసింది. సమాజానికి ఏ మచ్చా రాలేదు. రావలసినవారికే వచ్చింది.

ఉగాది సభకు కేంద్ర ప్రభుత్వంలోని ఒక పెద్ద అధికారి ముఖ్య అతిథిగా వచ్చారు. ఆయనది ఏ శాఖో మాకెవరికీ తెలియదు. కారు మీద ఒకప్పుడు ఎర్రదీపం ఉండిన గుర్తు కనిపించింది కాబట్టి పెద్దవారేనని నిర్ధారించుకున్నాం. ఆయనకు కానుకగా ఆత్రేయపురం నుంచి పెద్ద పెట్టెడు పూతరేకులు తెప్పించాం. సభ చివర మా అధ్యక్షులు వీరరాఘవులు గారు, "మన సంస్కృతి ఎంత సున్నితమైందో చూడండి సార్" అంటూ పెట్టె మూత తీశారు. లోపల సంస్కృతి లేదు. నేతి మరకలున్న కాగితం ఉంది. అతిథి గారు తనకు షుగరుందని చెప్పి అందరి మర్యాదా కాపాడారు.

దొంగను పట్టుకోవడానికి మాకు పావుగంట పట్టలేదు. పెట్టెను కారులోంచి క్లబ్‌హౌస్ వెనక గదిలోకి మోసుకొచ్చింది చైతు. పదిహేడేళ్లవాడు, మా సభలన్నిటికీ కీబోర్డు వాయించేవాడు. అతని జీన్స్ ప్యాంటు మోకాళ్ల దగ్గర చిరిగి ఉంటుంది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

"నేను తినలేదు అంకుల్, కసమ్ సే!" అన్నాడు.

ఒట్టు కూడా తెలుగులో పెట్టలేనివాణ్ణి ఎలా నమ్మడమని వీరరాఘవులు గారు న్యాయంగానే అడిగారు. చైతును కీబోర్డు నుంచి తప్పించారు. ఆ తర్వాత అతను లిఫ్టు ఎక్కితే ఆంటీలు మిఠాయి సంచీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకునేవారు. అతని తల్లి వీణ గారు పూజలకు రావడం మానుకున్నారు.

ఇది సాత్వికకు నచ్చలేదు. సాత్విక పదకొండో తరగతి, చైతుకు స్నేహితురాలు. టీనేజి మిస్టరీ నవలలు తప్ప మరేమీ చదవదు. వాటిలో ఒక అధ్యాయం అమ్మాయి చెబుతుంది, తర్వాతిది అబ్బాయి చెబుతాడు, రెండూ కలిపి చదివితే గాని దొంగ దొరకడు. పూతరేకుల మీద అలాంటి నవలే రాసి, చైతు మాట చైతు నోటితోనే చెప్పిస్తానని తల్లి మైథిలితో అంది.

"ఒక కథని ఇద్దరెందుకే చెప్పడం? మీ నాన్నా నేనూ కలిసి ఏదన్నా చెప్పడం మొదలెడితే చుట్టాలు సగంలో లేచిపోతారు," అంది మైథిలి.

"అదే మమ్మీ పాయింట్. ఒక్కళ్లే చెప్తే వాళ్లు చెప్పిందే సచ్ అయిపోతుంది."

మన పిల్ల నవల రాస్తోందన్న వార్త అపార్టుమెంట్లలో దావానలంలా పాకింది. సమాజమే దాన్ని తెలుగులో అచ్చు వేయిస్తుందని వీరరాఘవులు గారు ప్రకటించి, రాసినంతవరకు చదివించుకుని విన్నారు. విని, గంభీరంగా ఆలోచించారు.

"అమ్మా, అమ్మాయి దృక్కోణం ఉంది, అబ్బాయి దృక్కోణం ఉంది. అధ్యక్షుడి దృక్కోణం ఏదమ్మా?"

"అంకుల్, ఇది యంగ్ అడల్ట్ నావెల్."

"నాకు మాత్రం ఏమంత వయసైందని?" అన్నారు, కిందటేడు రిటైరైన వీరరాఘవులు గారు.

అధ్యక్షులకు ఒక అధ్యాయం దొరికిందని తెలిసి కోశాధికారి సాయిప్రకాష్ వచ్చాడు. "ఆయన జెప్తె అయిపాయెనా? మా దిక్కునుంచి గూడ రావాలె గద?" అన్నాడు. సాంస్కృతిక కార్యదర్శి అన్నపూర్ణేశ్వరి గారు తమ అధ్యాయం తూర్పు ముఖంగా ఉండాలన్నారు. పుస్తకానికి తూర్పు ఎటో తేల్చడానికి ఒక ఉపసంఘం వేశాం. గొడవలు రాకుండా సొంత ఫ్లాటు వారికి పూర్తి అధ్యాయం, అద్దెవారికి అర అధ్యాయం అని తీర్మానించాం. అందరూ సాత్విక ఫోనులో చెప్పి రికార్డు చేసుకున్నారు, ఎవరూ చదవనక్కర్లేకుండా ఫోనే విన్నది విన్నట్టు అక్షరాలు చేసింది. తమ గుణగణాలు, పక్కవారి లోపాలు దాపరికం లేకుండా చెప్పారు. ఇంత నిజాయితీ ఆదాయపు పన్ను వారికి కూడా ఎన్నడూ దక్కలేదు.

పుస్తకం లావెక్కింది. ఎవరివో కొన్ని అధ్యాయాలు తీసేయక తప్పలేదు. యువత త్యాగం నేర్చుకోవాలి గనుక సాత్వికవీ చైతువీ తీసేశాం.

సాత్విక గది తలుపు వేసుకుని ఏడ్చింది. "నీ కోసమే మొదలుపెట్టాను, నువ్వే లేవు," అంది చైతుతో.

"ఛోడ్ నా యార్. బుక్ ఇటివ్వు, చదువుతా," అన్నాడతను.

ఆవిష్కరణ నాటికి అందరి దగ్గరా పుస్తకం ఉంది. అందరూ చదివారు, ఎవరి అధ్యాయం వారు. అద్భుతంగా ఉందని అందరిదీ ఒకటే మాట. మొదటి నుంచి చివరిదాకా చదివినవాడు చైతు ఒక్కడే. అతనికి వెతుక్కోవడానికి సొంత అధ్యాయం లేదు మరి.

సభలో కొన్ని భాగాలు చదివి వినిపించాలి. చైతు చదవాలని రచయిత్రి పట్టుపట్టింది. దొంగకు సంస్కారం నేర్పే అవకాశమని వీరరాఘవులు గారు పెద్ద మనసుతో ఒప్పుకున్నారు.

చైతు కూడబలుక్కుంటూ మొదలుపెట్టాడు. "అధ్యక్షుల అధ్యాయం. 'నాణ్యత పరీక్షించడం నా బాధ్యత గనుక రెండంటే రెండే తిన్నాను. నేను వెళ్లేసరికి సాయిప్రకాష్ మూతి తుడుచుకుంటున్నాడు.'"

హాలు గొల్లుమంది. అందరికన్నా గట్టిగా అన్నపూర్ణేశ్వరి గారు నవ్వారు.

"సాయిప్రకాష్ అంకుల్ అధ్యాయం. 'నేనైతె రెండే తిన్న. మేడం కొంగుల మూట గట్టుకుంది, కండ్లార జూసిన.'"

అన్నపూర్ణేశ్వరి గారి నవ్వు ఆగింది. వీరరాఘవులు గారిది మొదలైంది. ఆమె అధ్యాయంలో, ప్రసాదం కదాని ఆమె తీసినవి రెండే. ఆ తర్వాత ఫ్లాటు వెంట ఫ్లాటు, బ్లాకు వెంట బ్లాకు, తిన్నవాళ్లంతా రెండే తిన్నారు. పక్కవాడి పేరు వచ్చినప్పుడు పొట్ట పట్టుకుని నవ్వినవారు, తమ పేరు రాగానే ఫ్యాను వైపు చూశారు. మైథిలి అర అధ్యాయంలో కూడా, "మా సాత్వికకు ఇష్టమని రెండే" ఉంది. రెండేసి చొప్పున కలుపుకుంటూ పోతే పెట్టె ఖాళీ అయింది. చైతు పుస్తకం మూశాడు. వెనక వరసలో వీణ గారు కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు.

సాత్విక లేచి నిలబడింది. "నేనూ తిన్నాను. ఎక్కడివని అడగలేదు. సారీ చైతూ."

అంతటి నిశ్శబ్దం మా క్లబ్‌హౌస్‌లో మౌనం పాటించినప్పుడు కూడా లేదు. వీరరాఘవులు గారు మైకు అందుకున్నారు. ఏళ్లతరబడి ఫైళ్లు నడిపిన మనిషి, ఆ మాత్రానికి తడబడతారా?

"సోదర సోదరీమణులారా! ఒకడు తింటే అది దొంగతనం. అందరం తింటే అది సహకారం. కాబట్టి దొంగతనమే జరగలేదు!"

చప్పట్లు మిన్నంటాయి. సాయిప్రకాష్, అన్నపూర్ణేశ్వరి గారు మీరు కూర్చోండంటే మీరు కూర్చోండని ఒకరికొకరు కుర్చీ చూపించుకున్నారు. అప్పుడు వీరరాఘవులు గారు చైతు వైపు తిరిగారు.

"ఇంతమందిమి తిన్నాం. పెట్టె పక్కన ఒంటరిగా ఉండి కూడా నువ్వెందుకు తినలేదయ్యా? నీ ఉద్దేశం ఏమిటి?"

"అవి గెస్ట్ కోసం అని మమ్మీ చెప్పింది అంకుల్. బస్, అంతే."

"విన్నారా! దీని వెనక తల్లి హస్తం కూడా ఉంది," అన్నారాయన సభతో.

సమాజ ఐక్యతకు భిన్నంగా ప్రవర్తించినందుకు చైతుకు సంజాయిషీ నోటీసు ఇవ్వాలని తీర్మానం పెట్టాం. వద్దని చెయ్యెత్తింది సాత్విక, వీణ గారు. మిగతావారంతా ఔనన్నారు. సభ ముగిశాక కూడా వీరరాఘవులు గారు చాలాసేపు దిగులుగానే ఉన్నారు. ఆయనకు నోటీసు గురించి కాదు, కుర్రాడి భవిష్యత్తు గురించి బెంగ. చుట్టూ అందరూ తింటుంటే తినకుండా కూర్చునేవాణ్ణి రేపు ఏ ఆఫీసులో నిలవనిస్తారు?