ఒక బీమెడు హోదా

చేతిపనికి కూలి, తలపనికి హోదా, రెండూ కలిపి అడిగేవాడికి సన్మానం. లోకంలోని కార్ఖానాలన్నీ ఈ మూడు సూత్రాల మీదే నడుస్తున్నాయి. షోలాపూర్ దాజీ పేట్‌లో రాజారాం సావుకారు గారి చద్దర్ల కార్ఖానాలో వీటిని ఎక్కడా రాసుకోకుండానే తు.చ. తప్పకుండా పాటించేవారు. ఎనభై ఎనిమిదో సంవత్సరంలో సావుకారు మేనల్లుడు గంగాధర్ పూనాలో మేనేజ్‌మెంటు కోర్సు చదివి మేనేజరుగా దిగడంతో, గళ్ళు గీసి, బాణం గుర్తులు పెట్టి, పటంగా రాసి గోడకు కూడా తగిలించారు.

ఆ గోడపటం వల్ల మొట్టమొదట పైకొచ్చినవాడు సిద్ధరాములు. చద్దరు మీద నెమలి పురి విప్పాలన్నా, గులాబీ పూయాలన్నా ముందు ఆయన బల్ల మీద జరగాల్సిందే. గళ్ళ కాగితం పరుచుకుని, ఒక్కో గడిలో ఎర్రరంగు నింపుతూ పోతాడు. ఆ గళ్ళను చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ రంధ్రాల ప్రకారం మగ్గం దారాలెత్తుతుంది. ఒక్క వరుస తప్పిందంటే నెమలికి మూడో కాలు మొలుస్తుంది. పేటంతా ఆయన్ను నక్షల సిద్ధరాములు అనేది. గీసిన నక్షకు ఇంతని చేతిలో పెట్టేవారు. అది ఎంత అనాగరికమైన పద్ధతో గంగాధర్ వచ్చేదాకా ఎవరికీ తట్టలేదు.

ఇంట్లో ఆయన భార్య గంగుబాయి ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. కొన్నాళ్ళుగా ఆమెను దగ్గు పట్టుకుంది. పొగాకు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. (మరి బియ్యం ఎలా ముట్టుకోవాలో చెప్పలేదు. పెద్ద చదువులు చదివినవాడు, అన్నీ ఒక్క రోజే చెప్పడు.)

"జర పగార్ పెరగనీ గంగూ. మార్కండేయుని మీద ఒట్టు, ఆ చాట తీస్కపోయి అటకెక్కిస్త," అనేవాడు సిద్ధరాములు.

"అటక సంగతి తర్వాత. పోయి అడిగేదుంటే అడుగు," అనేది ఆమె, ఆకు కత్తిరిస్తూనే.

అడిగాడు. గంగాధర్ కుర్చీ చూపించి కూర్చోబెట్టాడు. అసలు ప్రమాదం అక్కడే మొదలైంది.

"కాకా, ఇన్నొద్దులు నువ్వేం పని చేస్తున్నవో నీకే తెల్వదు. బొంబాయిల దీన్ని గ్రాఫిక్ డిజైనింగ్ అంటరు. ఇయ్యాల్టి నుంచి నువ్వు నక్షలోనివి కావు, డిజైనర్‌వి."

డిజైనరుకు నక్షకింతని లెక్కగట్టడం కళకే అవమానం కనుక నెల జీతం ఖాయం చేశారు. ఇక నెలకు ఎన్ని నక్షలైనా హాయిగా గీసుకోవచ్చు. (ఈ స్వేచ్ఛకు ఆయన దగ్గర విడిగా ఏమీ వసూలు చేయలేదు.) సిద్ధరాములు ఎక్కువ గీశాడు, తక్కువ తెచ్చాడు. మళ్ళీ వెళ్ళి అడిగితే సీనియర్ డిజైనర్ అయ్యాడు. ఎండాకాలంలో ఇంకోసారి అడిగితే ఏకంగా చీఫ్ ఆర్ట్ డైరెక్టర్ అయ్యాడు. ఆయన కింద పనిచేసేవాళ్ళెవరూ లేరు. బల్ల కింద ఒక పిల్లి పడుకునేది, అదీ మధ్యాహ్నం పూటే.

దాచడమెందుకు, లోలోపల ఆయనా కాస్త పొంగాడు. కుంఠా నాకా హోటల్లో చాయ్ తాగుతూ, ఎవరూ అడక్కపోయినా తన హోదా నలుగురి చెవిన వేశాడు. ఇంటికొచ్చి గంగుబాయికీ చెప్పాడు.

"అది తినేదా, కట్టుకునేదా?" అంది ఆమె. ఆ తర్వాత దగ్గు అందుకోవడంతో మిగతా ప్రశ్నలు ఆగిపోయాయి. సిద్ధరాములుకు సిగ్గేసింది.

మర్నాడు నేరుగా సావుకారు దగ్గరికే పోయాడు. "మాలక్, ఇంటిదానికి దగ్గు తగ్గుతలేదు. బీడీలు బంద్ చేపియ్యాలె. హోదాలు ఇగ బస్. పగార్ పెంచుండ్రి."

రాజారాం సావుకారు కళ్ళు చెమర్చాయి. ఆయనది వెన్నలాంటి మనసు. ఖర్చు లేని చోట ఇట్టే కరిగిపోతుంది. "ఇంత పెద్ద కళాకారునికి మనం ఏం చేసినం గంగాధర్? సన్మానం చెయ్యాలె!" అన్నాడు. అందరికీ కప్పే శాలువా ఈయనకెందుకు? పేరు, హోదా నేయించిన చద్దరే కప్పాలని నిర్ణయమైంది. దానికి నక్ష గీయగలవాడు కార్ఖానా మొత్తంలో ఒక్కడే. అందుచేత సిద్ధరాములు తన సన్మానాన్ని ఆదివారాలు కూర్చుని తానే గీసుకున్నాడు. (డైరెక్టర్లకు ఓవర్‌టైమ్ వర్తించదు. పటంలో మూడో గడి చూడుడు.)

ఇక్కడ పేట ఆచారం ఒకటి చెప్పుకోవాలి. అట్టల దండను ఒకసారి మగ్గం మీదికి ఎక్కించాక, పడుగు చుట్టిన బీము ఖాళీ అయ్యేదాకా దించరు. మధ్యలో దించితే మగ్గం అలుగుతుందని పెద్దల మాట. (మగ్గం సంగతేమో గాని, దించి ఎక్కించే పూట కూలి పోయే నేతగాడు మాత్రం తప్పకుండా అలుగుతాడు.) ఈ సంగతి సిద్ధరాములు ముందే గుర్తు చేయాల్సింది. మగ్గం మీద తన పేరు అక్షరం తర్వాత అక్షరం పైకొస్తుంటే చూస్తూ నిలబడి, ఆ మాటే మరిచాడు. బీము ఖాళీ అయ్యేసరికి గోదాములో వందకు పైగా చద్దర్లు, ప్రతిదాని నడుమా చీఫ్ ఆర్ట్ డైరెక్టర్ సిద్ధరాములు.

సన్మానం ఘనంగా జరిగింది. షోలాపూర్ చద్దరు రెండు వైపులా అందంగానే ఉంటుంది కనుక సావుకారు దాన్ని తిరగేసి కప్పాడు. హోదా వీపు మీద అద్దంలో అక్షరాల్లా ఎదురుతిరిగింది. ఇంటికి తెచ్చాక గంగుబాయి దాన్ని విప్పి చూసింది.

"ఓహో, కప్పుకునేదా!" అంది. "ఇటు తిప్పినా అటు తిప్పినా పగార్ కానొస్తలేదు గదయ్యా."

మిగిలిన చద్దర్లను ఏ దుకాణదారూ కొనలేదు. (అక్కల్‌కోట్ రోడ్డు వ్యాపారి ఒకడు, ఈ డైరెక్టర్ ఏ దేవుడని అడిగి, దేవుడు కాడంటే వెనక్కిచ్చాడు.) గంగాధర్ చదువు అప్పుడు అక్కరకొచ్చింది. ఆ దీపావళికి కార్మికులకు బోనస్ బదులు తలా ఒక చద్దరు పంచారు.

అవే చద్దర్లు చంకన పెట్టుకుని నేతగాళ్ళు సిద్ధరాములు ఇంటి మీదికి వచ్చారు. ముందు నరసయ్య ఉన్నాడు. ఆ చద్దర్లన్నీ నేసింది అతనే.

"ఏందన్నా ఇది? నీ పేరు కప్పుకుంటే మా పోరగాండ్లకు పండుగ బట్టలొస్తయా?"

సిద్ధరాములు తెల్లారి కార్ఖానాకు పోయి, కనీసం ఆ చద్దరు బోనసైనా తనకు ఇవ్వమన్నాడు, అమ్ముకుని మందులు కొందామని.

"డైరెక్టర్లకు బోనస్ ఉండదు కాకా," అన్నాడు గంగాధర్ ఎంతో మర్యాదగా. "మీరు బోనస్ ఇచ్చేటోళ్ళ లెక్కల ఉన్నరు."

"అట్లయితే నన్ను మళ్ల నక్షలోన్ని చెయ్యి బిడ్డా. నక్షకింత అని ఇయ్యి. నీ కాళ్ళు మొక్కుత."

గంగాధర్ పటాన్ని ఓపికగా పైనుంచి కిందిదాకా చదివాడు. బాణం గుర్తులన్నీ పైకే ఉన్నాయి. కిందికి గీసిన బాణం ఒక్కటీ లేదు. పూనాలో నేర్పలేదన్నాడు.

ఆ చలికాలం దాజీ పేట్ నుంచి నీలం నగర్ దాకా ఇంటింటా ఒక చీఫ్ ఆర్ట్ డైరెక్టర్ వెలిశాడు. ఒక ఇంట్లో పసిపిల్ల కింద తడిశాడు, ఇంకో ఇంట్లో కిటికీకి వేలాడి ఈదురుగాలిని ఆపాడు. సిద్ధరాములు మిగిలిన పని ఇంటికి తెచ్చుకుని గళ్ళు నింపేవాడు. భార్య దగ్గు వినబడ్డప్పుడల్లా కుంచె ఆగేది. అది తగ్గాక మళ్ళీ నెమలి తోక దగ్గర మొదలుపెట్టేవాడు.

గంగుబాయి మాత్రం తన వంతుకొచ్చిన సన్మానం చద్దరును పొదుపుగా వాడుకుంది. పొగాకు నేలపాలు కాకుండా చాట కింద పరిచేది. దగ్గు తెర ముంచుకొచ్చినప్పుడు చీఫ్ ఆర్ట్ డైరెక్టర్‌ను ఒక కొసన పట్టి నోటికి అడ్డం పెట్టుకునేది.