ఒక్కసారీ ఆగకూడని యంత్రం

ఆ ఉదయం పట్టుదలమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. నిధులిచ్చే కమిటీ పెద్దాయనకు పై అంతస్తులో వివరాలన్నీ చెప్పి, పదకొండింటికి కిందికి తీసుకొచ్చి, వెయ్యి గంటలుగా ఆగకుండా నడుస్తున్న తన ఫ్యూయెల్ సెల్‌ను చూపించాలి. అంతే. పట్టుదలమ్మ అన్న పేరు ప్రయోగశాల వాళ్లు పెట్టింది. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా కనిపించదు.

హైడ్రోజన్‌ను కరెంటుగా మార్చే ఆ సెల్‌కు ప్లాటినం పొడే ప్రాణం. ఆ ఉత్ప్రేరకానికి ఒక జబ్బుంది: ఆపి మళ్ళీ నడిపిన ప్రతిసారీ కొంచెం చస్తుంది. మూడేళ్లలో ఆమె చేతిలో పదకొండు రకాల పొడులు పోయాయి. పన్నెండోదీ పోతే ప్రాజెక్టు మూసేస్తామని కమిటీ తేల్చి చెప్పింది. అందుకే దాన్ని చంటిపిల్లలా సాకుతోంది.

"నన్నెప్పుడైనా అంత శ్రద్ధగా చూశావా?" అని మొగుడు పొద్దున్నే సణిగాడు.

"మీరు ఆగినా మళ్ళీ నడుస్తారు" అంది చెప్పులేసుకుంటూ.

పైకి వెళ్లేముందు యంత్రం దగ్గరున్న గార్డుకు చెప్పింది. "అన్నా, అలారం కూసిందంటే గ్యాస్ లీకైనట్టు. మారు మాట్లాడకుండా ఈ ఎర్ర బటన్ నొక్కి యంత్రం ఆపెయ్యి."

గోడ అవతలి గదిలో ఎలక్ట్రీషియన్‌కూ చెప్పింది. "బాబాయ్, ఈ పచ్చ దీపం ఆరితే యంత్రం ఆగినట్టు, వెంటనే స్విచ్ వేసెయ్యి. ఏం జరిగినా యంత్రం ఆగకూడదు."

ఇద్దరూ మాట తప్పని మనుషులే. ఒకరికి చెప్పింది రెండోవారికి తెలియదు. యంత్రం మొదలైనప్పుడల్లా అలారం ఒకసారి కూసి ఊరుకుంటుందని ఇద్దరికీ తెలియదు.

పదింటికి కరెంటు రెప్పపాటు పోయి వచ్చింది. దీపం ఆరింది, బాబాయ్ స్విచ్ వేశాడు. అలారం కూసింది, గార్డు బటన్ నొక్కాడు. దీపం ఆరింది, బాబాయ్ మళ్ళీ వేశాడు.

పదకొండింటికి పెద్దాయనతో కిందికి దిగుతుంటే మెట్ల మీదికే కూత వినిపించింది. ఆమె పరుగెత్తింది.

"ఏం చేస్తున్నావన్నా?"

"మీరు చెప్పిందే మేడమ్! కూసినప్పుడల్లా నొక్కుతున్నా. వేలు వాచింది, అయినా వదల్లేదు."

"ఎవడ్రా ఊరికే ఆపేస్తున్నాడు? నేనూ వదల్ను!" అని గోడ అవతల నుంచి బాబాయ్ గొంతు. ఆగిన ప్రతిసారీ ఆయన కోపంగా గోడ మీద గీసిన సుద్దగీతలు నలభై ఏడు.

మూడేళ్ల కష్టం మట్టిలో కలిసిందనుకుంది ఆమె. అయినా ఏడుపు దిగమింగి, గార్డు చేతిని బటన్ మీంచి తీయించి, "ఎంత చచ్చిందో చూడకుండా కదలను" అంటూ మీటరు పెట్టింది. కరెంటు ఏమాత్రం తగ్గలేదు, పొద్దున్న ఉన్న అంకే! మీటరు చెడిందేమోనని ఇంకోటి తెచ్చి పెట్టింది. అదే అంకె.

పెద్దాయన కళ్లజోడు సర్దుకుని రెండు మీటర్లూ చూశారు. "ఆగకుండా నడిచేదాన్ని చూసి నేనేం చెయ్యనమ్మా? రోడ్డు మీద బండన్నాక గంటకు పదిసార్లు ఆగుతుంది. ఇలా ఆపి నడిపి చూడాలన్న ఆలోచన ఎవరిది? దీన్ని ఐదువేలసార్లు చేసి చూపించండి, ప్రాజెక్టు సంగతి నేను చూసుకుంటాను."

"ఇద్దరికీ చెప్పింది నేనేనండి" అంది పట్టుదలమ్మ. అందులో అబద్ధం లేదు.

మర్నాడు ఆ ఐదువేలసార్లు నొక్కడానికి గార్డు వాచని ఇంకో వేలితో డ్యూటీ ఎక్కాడు.