వాకిలి పక్క అరుగు

పొద్దున ఆరింటికి రాహేలమ్మ అనుకున్నది చిన్న పనే. బాగుచేసి ఆ రోజే తెరిచిన పాత కూరగాయల మార్కెట్లో వాకిలి పక్క అరుగు మీద ఖాళీ గంప బోర్లించి, మండీకి పోయి టమాటాలు తెచ్చుకోవాలి. మార్కెట్ కప్పు కూలినప్పటి నుంచి ఆరేళ్లు ఆమె రోడ్డు మీద ఎండలోనే అమ్మింది. ఈ తావు పోతే మళ్లీ రోడ్డే.

గంప బోర్లించి తలెత్తేసరికి పక్క అరుగు మీద ఉల్లిగడ్డల ఓబుళేశు టవలు పరుస్తున్నాడు, బస్సులో సీటుకు వేసినట్టు. టవలు అంచు జానెడు ఆమె అరుగు మీదికి వచ్చింది.

"ఏమప్పా ఓబుళేశా, మండీకి పోలేదా?"

"పోతాలేక్కా. నువ్వు పోలా?"

"నువ్వు పో. నీ ఎనకే వస్తా."

"ఆడోళ్లు ముందు పోవల్ల."

ఇద్దరూ కూర్చున్నారు.

తను లేస్తే ఆ టవలు ఇంకాస్త జరుగుతుందని ఆమె అనుమానం. ఆమె ఎందుకు లేవడం లేదని అతని అనుమానం. తర్వాత వచ్చిన మిరపకాయల బసవన్న ఇద్దరినీ చూశాడు. "వీళ్లకేందో తెలిసినట్టుండాది. లేచినోడి తావు గోవిందా!" అని తనూ చతికిలబడ్డాడు. ఎనిమిదింటికి నలభై అరుగుల మీద నలభై మంది ఉన్నారు. ఒక్క వంకాయ లేదు. సంచులతో వచ్చినవాళ్లు ఒక చుట్టు తిరిగి వెళ్లిపోతున్నారు.

తొమ్మిదింటికి మున్సిపల్ అధికారి ప్రేమజ్యోతి ఫొటోగ్రాఫరుతో వచ్చింది.

"కూరగాయలేవమ్మా? అరుగులు మీ పేర్ల మీదే రాసిచ్చినాం కదా. వేలిముద్రలు కూడా వేస్తిరి!"

"ఆ కాగితం మీ ఆఫీసులో ఉండాది మేడం. ఆయప్ప టవలు ఈడ ఉండాది," అంది రాహేలమ్మ.

ప్రేమజ్యోతి చెప్పులు విడిచి రాహేలమ్మ అరుగెక్కి కూర్చుంది. "అన్నిటికీ నేను కాపలా. పోయి రాండి."

నలభై మందీ ఒకరినొకరు చూసుకుంటూ ఒక్కసారే లేచి, ఎవరూ వెనకబడకుండా మండీకి నడిచారు.

గంట తర్వాత రాహేలమ్మ టమాటాలతో వచ్చేసరికి వాకిలి నిండా జనం. మేడమే అమ్మడానికి కూర్చుందంటే ధర తక్కువే ఉంటుందని వాళ్ల నమ్మకం. కాదని ప్రేమజ్యోతి ఎంత చెప్పినా వినలేదు. చివరికి మేడం చేతి మీదుగానే పావుగంటలో గంప ఖాళీ అయింది. ఆరేళ్లలో అలాంటి బేరం రాహేలమ్మ చూడలేదు.

"ఈ తావు శానా బాగుందమ్మా," అంది ప్రేమజ్యోతి, చెమట తుడుచుకుని నవ్వుతూ.

రాహేలమ్మ నవ్వలేదు.

మరునాడు మండీకి పోతూ ఆమె తన అరుగును ఓబుళేశుకు అప్పగించి, "ఆ మేడం వస్తే మాత్రం కూర్చోనీయొద్దప్పా" అని చెప్పింది.