ఉమ్మడి సెట్టింగులు, ఒకరి కళ్లజోడు

ఎవరి కంప్యూటరు సెట్టింగులు వారి చేతిలోనే ఉండాలనడం పచ్చి స్వార్థం! నేనే అంటున్నాను, రాసుకోండి.

ఆ లైసెన్సుల ఆఫీసునే చూడండి. అసలు పనంతా చేసేది ఎక్కడో చల్లటి గదిలో ఉన్న మెయిన్‌ఫ్రేమ్ అనే మహా కంప్యూటరు. కౌంటర్లలోని తెరలు దానికి కిటికీలు, అంతే. ఒకప్పుడు ఎవరి కిటికీ వారు తమకు నచ్చినట్టు తెరుచుకునేవారు. ఒకరికి పచ్చ అక్షరాలు, ఒకరికి తెల్లవి. ఎంత అరాచకం! ఇప్పుడు కనెక్షన్ సెట్టింగులన్నీ ఒకేచోట, సెట్టింగుల సారు చేతిలో ఉన్నాయి. ఆయన అక్కడ ఒకటి నొక్కితే ఇక్కడ అరవై తెరలు మారతాయి. వేరు కాపురాలు పోయి ఉమ్మడి కుటుంబం వచ్చింది!

ఓ రోజు సారు కళ్లజోడు ఇంట్లో మరిచిపోయారు. అక్షరాలు ఆనలేదు. సైజు పెంచుకున్నారు. అంతే, అరవై తెరల మీదా అక్షరాలు గుమ్మడికాయలయ్యాయి! సమదృష్టి అంటే ఇదే కదా?

మూడో కౌంటరు అక్కయ్య తెర మీద ఇరవై నాలుగు వరసలకు తొమ్మిదే మిగిలాయి. రెన్యువల్ ఖాయం చేయడానికి 'వై' కొట్టాల్సిన వరస అట్టడుగున ఉంటుంది. అది కాస్తా తెర కిందికి జారిపోయింది. పేజీని పైకి జరిపి చూద్దామంటే తెర పక్కనుండే స్క్రోల్ పట్టీని ఎవరూ కెలక్కుండా సారు ఎప్పుడో తీసేశారు.

కౌంటరు అవతల బస్సు డ్రైవరుకు చెమటలు పడుతున్నాయి. ఆ సాయంత్రం ఐదుతో లైసెన్సు గడువు సరి. దాటితే మళ్లీ డ్రైవింగ్ పరీక్షే.

"ముప్పై ఏళ్లు నడిపావు, నీకు పరీక్షంటే భయమేంటన్నా?"

"పరీక్ష పెట్టేది మా అల్లుడమ్మా! నా బండెక్కితే చాలు, బ్రేకు మీద వంకలు పెడతాడు. నన్ను ఫెయిల్ చేసి, మా ఇంటికే భోజనానికొస్తాడు!"

అక్కయ్య ఫోను తీసింది.

"సార్, కింది వరస కనబడట్లేదండీ."

"నాకు బ్రహ్మాండంగా కనబడుతోందే!"

"మీ తెర పెద్దది సార్. మా దాంట్లో పట్టట్లేదు."

"అలాగైతే మార్చమని రిక్వెస్టు పెట్టండమ్మా. పేజీ నింపి, కింది వరసలో వై కొట్టండి."

చూశారా? ఫిర్యాదుకూ పనికీ ఒకే న్యాయం!

నాలుగు యాభై అయింది. అక్కయ్య కళ్లు మూసుకుంది. పందొమ్మిదేళ్లుగా అదే పేజీ. పెదవులతో లెక్కపెట్టుకుంటూ, ఒక్కో గడీ దాటించే టాబ్ మీటను పదకొండుసార్లు నొక్కింది. వై. ఎంటర్. మూలనున్న ప్రింటరు గురగురమంది.

"అయిపోయిందా తల్లీ? చూడకుండానే?"

"నువ్వు మాత్రం చూసే నడుపన్నా!"

ఆ పదకొండు గుట్టు గంటలో అరవై కౌంటర్లకూ పాకింది. షేరింగ్ అంటే అదీ! మర్నాడు సారు కళ్లజోడు తెచ్చుకున్నారు కానీ, పెద్దక్షరాల సుఖం మరిగారు. సైజు తగ్గలేదు.

నెలాఖరున ఆయన పైకి నివేదిక పంపారు: "ఉమ్మడి సెట్టింగులపై అందిన ఫిర్యాదులు సున్నా."

అక్షరాలా నిజం! రిక్వెస్టు పేజీలో టాబ్ ఎన్నిసార్లు నొక్కాలో ఆఫీసులో ఒక్కరికీ తెలియదు. ఎలా తెలుస్తుంది? ఎవరి సెట్టింగులు వారి దగ్గరున్నన్నాళ్లూ ఆ పేజీ తెరవాల్సిన అవసరమే రాలేదు మరి!