ఎల్బియో చేతి చలవ

ఆ శనివారం ఉదయానికి ఎల్బియో వేసుకున్న పథకంలో ఎక్కడా లొసుగు లేదు. మాతే ఆకుల టీ తాగాలి, ఆరు గంజాయి మొలకల్ని పెరుగు కప్పుల్లోంచి తీసి పెరట్లో నాటాలి, చేతులు కడుక్కోవాలి, సాయంత్రం సాల్తో ఊరినించి బస్సులో వచ్చే భార్య నిల్దాకు గేటు తీయాలి. మధ్యలో ఒక కునుకు కూడా పడుతుంది.

చెల్లెలి ఇంటికి బయల్దేరే ముందు నిల్దా వేలు చూపించి మరీ చెప్పింది. "శనివారం పొద్దున్నే నేలలో పెట్టు. ఇంకేం చెయ్యకు. విన్నావా ముసలాడా? ఇంకేమీ చెయ్యకు."

ఆమె మోకాళ్ళకు ఏడాది పొడవునా రాసుకునే లేపనం ఆ ఆరు మొక్కల్లోంచే రావాలి. అక్కడి చట్టం ఇంటికి ఆరు గంజాయి మొక్కలే ఒప్పుకుంటుంది. కానీ ఎల్బియో గుండెల్లో గుచ్చుకుంటున్నది మోకాళ్ళ సంగతి కాదు. కాపురానికి వచ్చిన కొత్తలో అతని చేతిలో ఒక కానరీ పిట్ట పోయింది, తర్వాత ఒక ఫెర్న్ మొక్క పోయింది. పిట్ట ముసలిది, ఫెర్నుకు పురుగు పట్టింది. అయినా చుట్టాలొచ్చినప్పుడల్లా నిల్దా, "మా ఆయన చెయ్యి పడితే ప్లాస్టిక్ పువ్వు కూడా వాడిపోతుంది" అనేది. అందరూ నవ్వేవారు. అందరికంటే ముందు అతనే నవ్వేవాడు. అలా నవ్వీ నవ్వీ చివరికి తన చేతుల్ని తనే అనుమానించడం మొదలుపెట్టాడు. బస్సులో పసిపిల్లలు పక్కన కూర్చుంటే చేతులు జేబుల్లో పెట్టేసుకునేవాడు. ఇన్నేళ్ళకు నిల్దా ప్రాణమున్నవాటిని అతనికి అప్పగించి వెళ్ళింది.

చంకలో వేణ్ణీళ్ళ ఫ్లాస్కు, చేతిలో మాతే ఆకు నింపిన సొరబుర్ర పెట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి చూస్తే, ఒక్కో మొలకకూ అడుగున ఉన్న రెండు చిన్న గుండ్రటి ఆకులు పసుపు తిరిగి ఉన్నాయి. ఆరింటికీ. ఆ ఆకులు తనవైపే చూస్తున్నట్టు అతనికి తోచింది.

గోడ మీదుగా పక్కింటి హెబెర్‌ని కేకేశాడు. రైల్వే గార్డుగా రిటైరైన హెబెర్ ఈ లోకంలో తెలియదని చెప్పిన విషయం ఇంతవరకు ఒక్కటీ లేదు.

"ఆకలోయ్!" అన్నాడు హెబెర్ ఒక కప్పు ఎత్తి చూసి. "చూస్తే తెలీట్లా? తిండి లేక పాలిపోయాయి. గుర్రప్పేడ వెయ్యాలి."

"ఆకలా నీ మొహమా!" అంది గ్లాదిస్. అవతలి ఇంట్లో బట్టలు కుట్టే ఆవిడ. ఎవరూ పిలవకపోయినా వచ్చేసింది. "నీళ్ళెక్కువై కుళ్ళుతుంటే! నిజం చెప్పు ఎల్బియో, రోజుకెన్నిసార్లు పోశావ్?"

"రెండుసార్లు." కప్పుల్లోని తడిమట్టి వంక చూసి, "మూడు. ఒంటరిగా ఉన్నాయేమో అనిపించింది."

ముగ్గురూ కూర్చుని మాతే ఒకరి తర్వాత ఒకరు తాగుతూ రోగ నిర్ణయం చేశారు. పేడ వెయ్యాలని ఒకరు, ఎండబెట్టాలని ఒకరు. మూడో విడత తన వంతు రాగానే హెబెర్ మొహం చిట్లించాడు.

"ఏంటిది, మాతేనా, కాలవ నీళ్ళా? చల్లారిపోయింది."

"మూత కాస్త వదులు. అంతే."

"రెండేళ్ళనించీ అంతే కదా! కొత్తది కొనుక్కోరాదూ పిసినారీ!"

చివరికి ముగ్గురికీ కుదిరిన మాట ఒక్కటే. కప్పుల్లో ఉంచితే చస్తాయి, ముందు నేలలో పెట్టాలి. ఎల్బియో పెరట్లో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఫ్లాస్కు చంకలోనే ఉంది. రోజంతా మాతే తాగే ఆ దేశంలో ఫ్లాస్కు చంకలో ఉన్నట్టు ఎవరికీ గుర్తుండదు, చెయ్యి భుజానికి ఉన్నట్టు గుర్తుండనట్టే. కప్పులు తలకిందులు చేసి, మట్టి విడిపోకుండా ఆరు మొలకల్నీ గుంటల్లో దింపాడు. ఒక్క వేరూ తెగలేదు. ఒక్క క్షణం తన చేతులు తనకే ముద్దొచ్చాయి.

"నీళ్ళు! వేళ్ళకి గాలి తగలకూడదు, వెంటనే నీళ్ళు!" అని అరిచాడు హెబెర్.

నీళ్ళ డబ్బా కుళాయి దగ్గరుంది. ఎల్బియో కుడిచెయ్యి అంతదూరం వెళ్ళలేదు. నలభై ఏళ్ళుగా రోజూ చేస్తున్న పనే చేసింది. చంకలోని ఫ్లాస్కును కాస్త వంచి మొదటి మొలక మొదట్లో పోసింది. తర్వాత రెండోదానికి. మూడోదానికి పోస్తుండగా చల్లటి గాలిలో సన్నగా ఆవిరి లేచింది.

"ఎల్బియో!" గ్లాదిస్ కేక వీధి చివరిదాకా వినిపించింది. "అవి మాతేకి కాచిన వేణ్ణీళ్ళురా నాయనా!"

మొదటి మూడు మొలకలూ తలలు వేలాడేశాయి. బాధకంటే ముందు ఎల్బియోకి ఒక రకమైన నెమ్మది కలిగింది. ఇన్నేళ్ళ అనుమానం తీరిపోయింది. నిల్దా అన్నది నిజమే.

"కాలిన గాయానికి ఐసు పెట్టాలి!" అని హెబెర్ ఇంట్లోకి పరిగెత్తాడు. గ్లాదిస్ కలబంద మట్ట విరిచి తెచ్చింది. ఐసు ముక్కల మధ్య, కలబంద జిగురుతో, ఆ మూడు మొలకలూ ఆస్పత్రి మంచాల మీద ఉన్నట్టు కనిపించాయి.

"పోనీలే, ఏడవకు," అంది గ్లాదిస్. "మా ఇంట్లో రెండు ఎక్కువున్నాయి. తెస్తానుండు."

సమస్య అక్కడే మొదలైంది. మొలుస్తాయో లేదోనన్న భయంతో ఆ వీధిలో ప్రతివాళ్ళూ ఆరుకు బదులు పదో పన్నెండో గింజలు వేస్తారు. అన్నీ మొలుస్తాయి. ఎక్కువైనవి ఉంచుకుంటే చట్టం ఊరుకోదు, పీకేద్దామంటే మనసు ఊరుకోదు. ఎల్బియో ఇంట్లో మూడు ఖాళీ అయ్యాయన్న కబురు మధ్యాహ్నానికల్లా వీధంతా పాకింది. పరామర్శకు వచ్చినవాళ్ళలో ఒట్టి చేతులతో వచ్చినవాళ్ళు లేరు. ఒకరు పాలడబ్బాలో, ఒకరు పగిలిన కాఫీకప్పులో, చర్చి పక్కింటి ముసలావిడ తన టోపీలో.

"వద్దండీ, ఇప్పటికే..." అనేవాడు ఎల్బియో.

"మొహమాటపడకు నాయనా. కష్టంలో ఉన్నావు."

కాదనడం అతనికి చేతకాదు. తెచ్చినవాటిని కప్పుల్లో వదిలేస్తే అవీ తన చేతిలో పోతాయన్న భయం. అందుకని నాటుతూ పోయాడు. చోటు చాలక, గోడవారన గుబురుగా పెరిగిన పుదీనానంతా పారతో తవ్వి పారేశాడు. మబ్బు పట్టేసరికి పెరట్లో గంజాయి తోటే లేచింది. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టే ధైర్యం అతనికి లేకపోయింది.

అప్పుడే గేటు ముందు పోలీసు మోటారుసైకిలు ఆగింది.

హెబెర్ చప్పుడు చేయకుండా గోడ దూకాడు. గ్లాదిస్ తన లంగా వెడల్పుగా పరిచి, దాచగలిగినన్ని మొక్కల ముందు నిలబడింది. ఎల్బియో రెండు చేతులూ ముందుకు చాచాడు, బేడీలు వేయడానికి వీలుగా.

"మొక్కలు కాలిపోయింది ఈ ఇంట్లోనేనా పెద్దాయనా?" అన్నాడు పోలీసు.

"నేనే కాల్చాను బాబూ."

పోలీసు వీధి అటూ ఇటూ చూసి, వానకోటు లోపల్నించి రెండు పెరుగు కప్పులు తీసి, చాచిన ఆ చేతుల్లో పెట్టాడు. "మా ఆవిడ పంపింది. నేనొచ్చినట్టు ఎవరికీ చెప్పకండి."

మోటారుసైకిలు మలుపు తిరుగుతుంటే అదే మలుపులోంచి పెట్టె లాక్కుంటూ నిల్దా వచ్చింది. పెరట్లోకి చూసి, పెట్టె కింద పెట్టింది. ఎల్బియో అంతా చెప్పాడు. పసుపు ఆకులనుంచి పోలీసుదాకా, ఒక్క తప్పూ దాచలేదు.

"అడుగు ఆకులా?" అంది నిల్దా. "అవి గింజ ఆకులు. పాలపళ్ళలాంటివి. వాటి పని అయిపోతే పండి రాలిపోతాయి. మొక్కలకి ఏ రోగమూ లేదు."

"మరి వేణ్ణీళ్ళు..."

"ఏ ఫ్లాస్కుతో పోశావ్? మూత వదులైన ఆ ముసలిదేనా?"

అడుగున మిగిలిన నీళ్ళు తన మణికట్టు మీద ఒంపుకుని చూసి పకపకా నవ్వింది. "దీంతో పసిపిల్లకి నీళ్ళు పొయ్యొచ్చు! మాతే చల్లారిందని హెబెర్ పొద్దునే అన్నాడుగా, నువ్వు పోసేటప్పటికే ఇవి గోరువెచ్చన. నాటిన పూట ఏ మొలకైనా తల వేలాడేస్తుంది ముసలాడా."

నిజంగానే ఆ మూడూ కలబంద జిగురులోంచి నెమ్మదిగా మెడలెత్తుతున్నాయి. ఎల్బియో మోకాళ్ళ మీద కూర్చుని వాటిని చూస్తుంటే చినుకులు మొదలయ్యాయి.

వానొస్తే ఆ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ పిండి అప్పాలు వేగాల్సిందే. నిల్దా మూకుడు పెట్టి, గేటు దగ్గర నిలబడి వీధంతటినీ పిలిచింది. షరతు ఒక్కటే. అప్పం తిన్నవాళ్ళు తమ మొక్క తాము తీసుకెళ్ళాలి. పోలీసు కూడా వచ్చాడు. రెండు అప్పాలు తిన్నాడు కాబట్టి రెండు కప్పులూ వానకోటులో పెట్టుకున్నాడు. చీకటి పడకముందే పెరట్లో ఆరు మిగిలాయి.

"ఇక్కడి పుదీనా ఏది?" అంది నిల్దా, గోడవారనున్న ఖాళీ మట్టిని చూస్తూ.

ఎల్బియో చేతులు వెనక్కి దాచుకున్నాడు. "పీకేశాను. మొత్తం."

నిల్దా అతని రెండు చేతులూ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "దాన్ని వదిలించుకోవాలని పదేళ్ళనించీ చస్తున్నాను. ఎన్నిసార్లు పీకినా వచ్చేది. ఇన్నాళ్ళకి నీ చెయ్యి పనికొచ్చే పని చేసింది."

ఆ రాత్రి ఎల్బియో ఆ చేతులు తలకింద పెట్టుకుని హాయిగా నిద్రపోయాడు.

వారం తిరిగేసరికి గోడవారన పుదీనా మళ్ళీ చిగురించింది. అతని చేతిలో ఏదీ చావదని నిల్దా ఒప్పుకోక తప్పలేదు.