పానకంలో డిటెక్టివ్

"రాధా, జనగామలో నేరం ఇంకా తల ఎత్తలేదంటే కారణం ఒక్కటే. నేను మేలుకొని ఉన్నాను."

శ్రీరామనవమి పొద్దున మా ఆయన రఘునాథ్ వంటింట్లో ఈ మాట అన్నప్పుడు, మా ఎత్తుపీట ఒక కాలు ఆయన చేతిలో ఉంది. ఇంకో కాలు నా చేతిలో ఉంది.

మా ఇంట్లో ఎత్తుపీట ఒక్కటే. అది ఎక్కితేనే నాకు అటక మీది మామిడికాయ తొక్కు జాడీ అందుతుంది. ఆయనకేమో అది పందిట్లో డిటెక్టివు ఆసనంగా కావాలట. రైల్వే పార్సిలు ఆఫీసులో గుమాస్తా ఆయన. అద్దె నవలలు చదివి చదివి, వాళ్ళ బాపు పంచాంగం చూసుకున్న భూతద్దం జేబులో వేసుకొని, డిటెక్టివు అయ్యారు.

"గొప్ప డిటెక్టివులు పరుగెత్తరు. కూర్చొని ఆలోచిస్తారు," అన్నారు.

"తొక్కు లేకుంట బువ్వ తింటరా?" అన్నాను.

మా అత్తమ్మ కౌసల్య తీర్పు చెప్పింది. "పీట ఇంట్లనే ఉంటది. నువ్వు పందిట్ల ఏదన్న చూసుకొని కూసో, బిడ్డా."

తర్వాత జరిగినదంతా ఆ ఒక్క మాట వల్లే.

అది ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు. మా వాడలో రాముడి లగ్గానికి మా సందు ఆడపిల్లవాళ్ళు, అవతలి సందు మగపిల్లవాళ్ళు. మా అత్తమ్మ పేరుకు కౌసల్యే గానీ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి సీతమ్మ పక్షం. ఆ ఏడు కన్యాదానం పీటల మీద కూర్చోవలసింది మేమిద్దరం. అందుకని మా ఆయన పెళ్ళినాటి పట్టుపంచె కట్టారు.

ఎదురుకోళ్ళకు రెండు సందులూ డప్పులతో ఎదురెదురు నిలబడ్డాయి. అందరి ముఖాల మీదా బుక్కా గులాలు రంగులు. అవతలి పెద్ద, కిరాణా దామోదర్ మొదలు పెట్టాడు. "మీ పిల్ల దున్నిన చాళ్ళ దొరికిందట గద అత్తా. ఎవలింటి పిల్లనో ఏమో."

"మీ పిల్లగాడు పిల్లను చూడవచ్చి ఇంట్ల సామాను ఇరగ్గొట్టిండు. గసుంటోనికి ఇచ్చుడే ఎక్కువ," అంది అత్తమ్మ. వాడంతా నవ్వింది.

పానకం మాత్రం ఆడపిల్లవాళ్ళ బాధ్యత. ఆ ఏడు బెల్లం యాకమ్మది. ఆమె భర్త ఉప్పలయ్య పార్సిలు షెడ్డులో హమాలీ. పోయినేడు వ్యాగను మీది నుంచి పడి కాలు విరిగింది. ఆయన మళ్ళీ కాలు మీద నిలబడితే వాడంతటికీ నా బెల్లంతోటి పానకం పోస్తానని ఆమె మొక్కింది. ఆయన నిలబడ్డాడు. మోకాలు ముడవరాదు గానీ నిలబడ్డాడు. "యాకమ్మ బెల్లమా?" అని కొందరు మూతులు తిప్పారు. "తెచ్చినంక చూద్దాం తియ్యి," అన్నాడు దామోదర్.

పది గంటలకు నేను పందిట్లోకి వెళ్ళేసరికి, తూర్పు గుంజ దగ్గర ఎర్రగుడ్డ కప్పిన మూరెడెత్తు గద్దె మీద మా ఆయన కొలువు తీరి ఉన్నారు. యాకమ్మ ఉరికివచ్చింది.

"సారూ, నా బెల్లం గడ్డ పోయింది. పొద్దుగాల ఇద్దరం గోనెసంచిల మోసుకచ్చి గీ గుంజ కాడనే పెట్టినం. పానకం గోలెం కడిగి వచ్చేసరికి లేదు."

"ఈ గుంజ దగ్గరేనా?"

"గీ గుంజ కాడనే."

మా ఆయన భూతద్దంతో తన కాళ్ళ చుట్టూ నేలంతా చూశారు. "ఇక్కడ నేను తప్ప ఏమీ లేదు. అంటే దొంగ ఆనవాలు కూడా మిగల్చలేదు. ఇది అంతర్జాతీయ ముఠా పని."

"బెల్లానికా?" అన్నాను.

"మొదట బెల్లం. తర్వాత సీతమ్మ. ఆమెను ఎత్తుకుపోవడం ఇది మొదటిసారి కాదు."

పందిరి, మైకు సెట్టు సోమనర్సయ్యవి. మొదటి విచారణ అతనికే.

"ఉదయం ఇక్కడేం చేశావు?"

"గుడ్డ కప్పిన సారు."

"దేనికి?"

"మీరు కూసున్నదానికి."

"అది అప్రస్తుతం. ఇంకేం చేశావు?"

సోమనర్సయ్య బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు.

దామోదర్ వచ్చాడు. "మాట అనుడు అల్కగనే ఉంటది. తెచ్చుడు గద కష్టం. పన్నెండింటి దాక చూస్త. లేకుంటె మా దుకాణం బెల్లంతోటి కానిస్త."

"మొక్కు నాది, పటేలా," అంది యాకమ్మ మెల్లగా. "మీ బెల్లంతోటి అది ఎట్ల తీరుతది? మా ఆయన కాలు నిలబడ్డది. నా మాట నిలబడకుంటె రేపు ఈ వాడల ఎట్ల తిరుగుత?"

ఉప్పలయ్య ఆమె పక్కనే నేల చూస్తున్నాడు. నేనూ తల దించుకున్నాను.

అప్పుడు కనిపించింది చీమల బారు.

"ఏమండీ, చీమలు మీ దిక్కే వస్తున్నయి."

"బెల్లం తిని వస్తున్నాయన్నమాట. అవి ఎటునుంచి వస్తున్నాయో అక్కడుంది సరుకు." ఆయన వేలు నేరుగా దామోదర్ దుకాణం వైపు చూపింది.

"ఒక్కటీ తిరిగి పోతలేదు మరి."

"సాక్షులు పారిపోరు, రాధా."

దామోదర్‌కు కోపం వచ్చింది. రెండు సందులూ నిజంగానే ఎదురెదురు నిలబడ్డాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు. అంతలో పంతులు మైకులో పిలిచాడు. "కన్యాదాత రావాలె. ముహూర్తం దాటుతున్నది."

కన్యాదాత లేవబోయి ఆగిపోయారు. మళ్ళీ ప్రయత్నించారు. ముఖం పాలిపోయింది.

"రాధా, నన్నెవరో బంధించారు."

"లేవండి."

"లేస్తే నేను వస్తాను. పంచె రాదు."

ఏప్రిల్ ఎండ, రెండు గంటల విచారణ. కింద ఏదో కరిగి పట్టుపంచెను పట్టేసింది. ఆయన తర్వాతి ఆలోచనలో ఉండగానే గండుచీమలు లోపలికి చేరాయి. డిటెక్టివు ఎగిరి నిలబడ్డారు. పంచె వెనక సగం, ఎర్రగుడ్డ, గోనెసంచి ఆయన వెంట వచ్చాయి. మిగిలినది దొర్లుకుంటూ వెళ్ళి యాకమ్మ కాళ్ళ దగ్గర ఆగింది. బంగారు రంగు బెల్లం గడ్డ.

మా ఆయన తువ్వాలు చుట్టుకొని గొంతు సవరించుకున్నారు. "పొద్దుటి నుంచి దీని మీదే నిఘా పెట్టాను."

"నిఘా గాదు బిడ్డా, నడ్డి పెట్టినవ్," అంది అత్తమ్మ.

మొదట నవ్వింది యాకమ్మ. తర్వాత ఆగినవాళ్ళు లేరు. ముహూర్తం దాటకుండా, తువ్వాలుతోనే మా ఆయన నాతో పీటల మీద కూర్చొని కన్యాదానం కానిచ్చారు. నేను నాలుగు వేళ్ళ మందం పైపొర చెక్కించాను. మిగిలింది గోలెంలో వేసి, మిరియాలు, యాలకులు దంచి కలిపింది యాకమ్మే. మూతులు తిప్పినవాళ్ళు మూడు చెంబులు తాగారు. దామోదర్ నాలుగోది అడిగి, "నీ మాట నిలబడ్డది, చెల్లె," అన్నాడు.

మధ్యాహ్నం ఇంట్లో విస్తళ్ళు వేశాను. మా ఆయన గోడకు ఆనుకొని, పళ్ళెం చేత్తో పట్టుకొని నిలబడే తింటున్నారు. అత్తమ్మ తొక్కు కలుపుకుంటూ చెప్పింది.

"వచ్చే ఏడు కన్యాదానానికి యాకమ్మ, ఉప్పలయ్య కూసుంటరు. దామోదర్‌కు గూడ చెప్పి వచ్చిన. రాధా, ఎత్తుపీట పందిట్లకు పోతది. ఉప్పలయ్యకు కాలు ముడవరాదు."

"తీసుకపోండి అత్తమ్మా," అన్నాను.

"మరి నేను?" అన్నారు మా ఆయన.

"నువ్వు నిలబడు."